ఉలవల ఉపకారం

మా నల్లమాడ వైపు మెట్టచేల చరిత్ర రాయబోతే ముందు ఉలవలకు దణ్ణం పెట్టుకోవాలి. బళ్ళారి పక్కన సంగనకల్లు తవ్వకాల్లో మూడున్నరవేల ఏళ్ళ పైబడిన ఉలవలు దొరికాయంటే, ఈ గడ్డమీద వాటి పెద్దరికం ఎంతో మీరే చెప్పండి!

వేటమాంసం పండక్కో జాతరకో. తక్కిన రోజుల్లో ఆ లోటు తీర్చింది పప్పుగింజలే. ఉలవలు ఉడికిన కట్టు చారుకి, గింజలు కొన్ని గుగ్గిళ్ళకి, తక్కినవి ఎద్దులకి. ఒక్క కుండలో మూడు ఖర్చులు తీరేవి! నూరు గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు. సంక్రాంతి రోజుల్లో అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి, చెక్కా లవంగం నూరి వండితే పితికిపప్పు. సంగటిముద్దలో నంజుకుంటే మాంసం ఊసే గుర్తురాదు.

1970, 80 దశకాల్లో వేరుసెనగ చేలన్నీ ఆక్రమించింది. డబ్బు తెచ్చింది, కాదనను. కానీ వాన మొహం చాటేసిన ఏడు చేతిలో డబ్బూ లేదు, ఇంట్లో గింజా లేదు. గాదెలో ఉండాల్సిన ఉలవల్ని అంగట్లో తూకం వేయించుకోవలసి వచ్చింది.

వేరుసెనగకి అదను దాటాక పడ్డ వానకీ ఉలవలు చల్లుకోవచ్చు. ఆ కాస్త చేను వాటికి వదిలిపెడితే, నెలసరుకుల చీటీ దానంతటదే పొట్టిదవుతుంది!