జార్జియా రాష్ట్ర ఎన్నికల ఫలితాలు: ఓట్లు, నియమాలు, ధ్రువీకరణ (1946–2022)

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అమెరికా ఓటరు ఒకే బ్యాలెట్‌పై ఎన్నుకునే ఫెడరల్ పదవులకు, రాష్ట్రస్థాయి పదవులకు మధ్య తేడాను వివరించగలుగుతారు.
• జార్జియాలో ఓట్ల లెక్కింపు నియమాలు మారిన క్రమాన్ని తెలుపగలుగుతారు.
• నియమం మారితే ఫలితం ఎలా మారుతుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఫలితాన్ని ధ్రువీకరించే అధికారి పాత్రను విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

ఎన్నికల ఫలితం అనగానే మనకు గుర్తుకు వచ్చేది అంకెల పట్టిక. ఎవరికి ఎన్ని ఓట్లు, ఎవరు ఎంత తేడాతో గెలిచారు అని చూసి పక్కన పెట్టేస్తాం. చరిత్ర విద్యార్థి అక్కడితో ఆగకూడదు. ఆ ఓట్లను ఏ నియమం ప్రకారం లెక్కించారు, ఆ నియమాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారు, చివరికి ఫలితంపై సంతకం పెట్టింది ఎవరు అన్న ప్రశ్నలు కూడా వేయాలి. అమెరికా ఆగ్నేయ భాగంలోని జార్జియా రాష్ట్రం ఈ అధ్యయనానికి చాలా అనువైనది. దాని రాజధాని అట్లాంటా. ఆ నగరం చుట్టుపక్కల కౌంటీలలో నేడు తెలుగు కుటుంబాలు కూడా గణనీయంగా స్థిరపడ్డాయి.

ముందుగా ఒక మాట విషయంలో జాగ్రత్త అవసరం. మన పత్రికలు "పదివేల మెజారిటీతో గెలుపు" అని రాసినప్పుడు మెజారిటీ అంటే గెలిచిన అభ్యర్థికి, రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి మధ్య ఓట్ల తేడా. జార్జియా చట్టంలో మెజారిటీ అంటే పోలైన ఓట్లలో సగానికి పైగా. ఈ పాఠంలో మెజారిటీ అన్న మాటను ఈ రెండో అర్థంలోనే వాడుతున్నాం.

7.2 ఒకే బ్యాలెట్, రెండు రకాల పదవులు

మన దేశంలో ఎన్నికల నిర్వహణ బాధ్యతను రాజ్యాంగంలోని 324వ అధికరణం ఎన్నికల సంఘానికి అప్పగించింది. అమెరికాలో ఇటువంటి ఏర్పాటు లేదు. అక్కడి ఫెడరల్ ఎన్నికల కమిషన్ ప్రధానంగా ఎన్నికల నిధుల వ్యవహారాలను పర్యవేక్షిస్తుంది. అధ్యక్ష ఎన్నికతో సహా ఎన్నికలన్నింటినీ నడిపేది రాష్ట్రాలే. ఓట్లను కౌంటీల స్థాయిలో లెక్కిస్తారు. జార్జియాలో 159 కౌంటీలు ఉన్నాయి.

జార్జియా ఓటరు ఎన్నుకునే ఫెడరల్ పదవులు మూడు రకాలు. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు ఓటు వేసినప్పుడు నిజానికి రాష్ట్రం తరఫున ఎలక్టర్లను ఎన్నుకుంటాడు. 2020లో జార్జియాకు 16 మంది ఎలక్టర్లు ఉన్నారు. సెనేట్‌లో ఆరేళ్ల పదవీకాలం గల ఇద్దరు సభ్యులు, ప్రతినిధుల సభలో రెండేళ్ల పదవీకాలం గల 14 మంది సభ్యులు మిగిలిన రెండు రకాలు.

రాష్ట్రస్థాయి పదవుల జాబితా ఇంకా పెద్దది. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, అటార్నీ జనరల్, పాఠశాలల సూపరింటెండెంట్, వ్యవసాయ, కార్మిక, బీమా శాఖల కమిషనర్లు అందరినీ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. అక్కడి గవర్నర్ మన గవర్నరు వలె నియమితుడు కాడు; అధికారాల దృష్ట్యా మన ముఖ్యమంత్రితో పోల్చదగినవాడు. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే విదేశాంగ మంత్రి. జార్జియాలో అదే పేరు గల అధికారి రాష్ట్ర ముద్రను భద్రపరుస్తాడు, ఎన్నికల ఫలితాలను ధ్రువీకరిస్తాడు. ఆయన కూడా పార్టీ టికెట్‌పై గెలిచినవాడే. ఈ సంగతి గుర్తుంచుకోండి. పాఠం చివరివరకు దీనితో పని ఉంది.

7.3 కౌంటీ యూనిట్ పద్ధతి

1870ల ఆరంభం నుండి 2002 వరకు జార్జియాలో గవర్నర్ పదవిని గెలిచినవారందరూ డెమోక్రాట్లే. కాబట్టి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అసలు పోటీ డెమోక్రటిక్ పార్టీ అంతర్గత ఎన్నికలోనే, అంటే ప్రైమరీలోనే జరిగేది. ఆ ప్రైమరీలో ఓట్లను లెక్కించే పద్ధతిని 1917 నాటి నీల్ చట్టం నిర్ణయించింది. జనాభాలో పెద్దవైన 8 కౌంటీలకు ఒక్కొక్కదానికి 6 యూనిట్లు, తరువాతి 30 కౌంటీలకు 4 చొప్పున, మిగిలిన 121 కౌంటీలకు 2 చొప్పున కేటాయించారు. మొత్తం 410 యూనిట్లు. కౌంటీలో ముందున్న అభ్యర్థికి ఆ కౌంటీ యూనిట్లన్నీ దక్కేవి.

దీని పర్యవసానాన్ని మీరే లెక్కవేసి చూడండి. 1960 జనాభా లెక్కల ప్రకారం అట్లాంటా నగరం ఉన్న ఫుల్టన్ కౌంటీ జనాభా 5,56,326, యూనిట్లు 6. ఎకోల్స్ కౌంటీ జనాభా 1,876, యూనిట్లు 2. ఫుల్టన్‌లో ఒక యూనిట్‌కు దాదాపు 92,700 మంది, ఎకోల్స్‌లో 938 మంది. అంటే ఎకోల్స్ నివాసి ఓటు అట్లాంటా నివాసి ఓటు కంటే సుమారు 99 రెట్లు బరువైనది. నగరాల్లో పెరుగుతున్న ఓటర్ల బలాన్ని, వారిలోని నల్లజాతివారి బలాన్ని ఈ పద్ధతి అణచివేసింది.

1946 ప్రైమరీలో ఇది స్పష్టంగా బయటపడింది. శ్వేతజాతీయులకు మాత్రమే ప్రవేశం ఉన్న ప్రైమరీలు చెల్లవని న్యాయస్థానాలు తీర్పు చెప్పడంతో ఆ ఏడాది లక్షకు పైగా నల్లజాతి ఓటర్లు నమోదయ్యారు. శ్వేతజాతి ప్రైమరీని తిరిగి తెస్తానని యూజీన్ టాల్మడ్జ్ ప్రచారం చేశాడు. ప్రజల ఓట్లలో జేమ్స్ కార్మైకేల్ సుమారు 16,000 ఆధిక్యం సాధించాడు. యూనిట్ల లెక్కలో మాత్రం టాల్మడ్జ్‌కు 242, కార్మైకేల్‌కు 146 వచ్చాయి. ఎక్కువ మంది కోరుకున్న అభ్యర్థి ఓడిపోయాడు.

7.4 ముగ్గురు గవర్నర్లు, ఒక ముద్ర

టాల్మడ్జ్ పదవి చేపట్టకముందే 1946 డిసెంబరులో మరణించాడు. ఆయన స్థానం ఎవరిది అన్నదానిపై ముగ్గురు నిలబడ్డారు. వారసుడు తేలేవరకు కుర్చీ వదలనన్నాడు పదవిలో ఉన్న గవర్నర్ ఎల్లిస్ ఆర్నల్. కొత్తగా ఏర్పడిన లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి ఎన్నికైన ఎం. ఇ. థాంప్సన్ అది తనదేనన్నాడు. మరణించిన నాయకుని కుమారుడు హెర్మన్ టాల్మడ్జ్‌ను 1947 జనవరిలో శాసనసభ ఎన్నుకుంది.

శాసనసభ ఎన్నుకోవడానికి ఆధారం బ్యాలెట్‌పై కొందరు ఓటర్లు చేతితో రాసిన పేర్లు. అలాంటి ఓట్లలో హెర్మన్ మొదట వెనుకబడి ఉన్నాడు. అంతలో టాల్మడ్జ్‌ల సొంత కౌంటీ టెల్ఫేర్ నుండి మరో 50కి పైగా ఓట్లు 'దొరికాయి'. అట్లాంటా జర్నల్ పత్రిక పరిశోధించగా ఆ ఓటర్లు అక్షరక్రమంలో వచ్చి ఓటు వేసినట్లు నమోదై ఉంది. వారిలో కొందరు అప్పటికే మరణించినవారు.

హెర్మన్ అనుచరులు గవర్నర్ కార్యాలయం తాళాలు మార్చారు. అధికారిక పత్రాలు చెల్లాలంటే వాటిపై రాష్ట్ర ముద్ర పడాలి. అప్పటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ బెన్ ఫోర్ట్‌సన్ చక్రాల కుర్చీలో తిరిగేవాడు. న్యాయస్థానం తేల్చేవరకు ఎవరి చేతికీ చిక్కకుండా ముద్రను తన కుర్చీ మెత్త కింద దాచాడు. 1947 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు థాంప్సన్ పక్షాన తీర్పు ఇచ్చింది.

7.5 ఒక మనిషికి ఒక ఓటు

కౌంటీ యూనిట్ పద్ధతిని అమెరికా సుప్రీంకోర్టు 1963 మార్చి 18న గ్రే వర్సెస్ శాండర్స్ కేసులో కొట్టివేసింది. రాజకీయ సమానత్వమంటే ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రం ఈ తీర్పుతో బలపడింది.

ఒక నియమం పోగానే మరొకటి వచ్చింది. 1964లో చేసిన చట్టం ప్రకారం అభ్యర్థికి మెజారిటీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ జరగాలి. దీనిని రనాఫ్ అంటారు. ఈ చట్టం కోసం పట్టుబట్టిన శాసనసభ్యుడు డెన్మార్క్ గ్రూవర్ జాతి వివక్షను సమర్థించినవాడు. శ్వేతజాతి ఓట్లు పలువురి మధ్య చీలినా నల్లజాతి ఓటర్ల అభ్యర్థి గెలవకుండా చూడటం దీని వెనుక ఉన్న ఉద్దేశాల్లో ఒకటని చరిత్రకారులు చూపించారు.

గవర్నర్ పదవికి మాత్రం రాజ్యాంగంలోని పాత నియమమే కొనసాగింది: మెజారిటీ రాకపోతే శాసనసభ ఎన్నుకోవాలి. 1966లో రిపబ్లికన్ బో కాలవే డెమోక్రాట్ లెస్టర్ మాడాక్స్ కంటే సుమారు 3,000 ఓట్లు ముందున్నాడు. ఆర్నల్ పేరును చేతితో రాసిన ఓట్ల వల్ల ఎవరికీ సగం దాటలేదు. డెమోక్రాట్లు నిండిన శాసనసభ రెండో స్థానంలో ఉన్న మాడాక్స్‌ను గవర్నర్‌ను చేసింది.

7.6 అధికారంలో ఉన్నవారు మార్చిన గీత

1992లో సెనేట్ పోటీలో డెమోక్రాట్ వైచ్ ఫౌలర్ నవంబరులో ముందున్నా 50 శాతం దాటలేదు. రనాఫ్‌లో రిపబ్లికన్ పాల్ కవర్‌డెల్ గెలిచాడు. దానితో డెమోక్రాట్ల ఆధీనంలోని శాసనసభ గెలుపు గీతను 45 శాతానికి దించింది. 1996లో డెమోక్రాట్ మాక్స్ క్లీలండ్ 48.9 శాతంతోనే సెనేటర్ అయ్యాడు. రిపబ్లికన్లు అధికారంలోకి వచ్చాక, 2005లో గీతను తిరిగి 50 శాతానికి ఎత్తారు. తమకు మేలు చేస్తుందని ఒక పార్టీ పెట్టిన ఆ గీతే 2021లో ఆ పార్టీకి అడ్డు వచ్చింది.

7.7 2020–2022: ఒకే రాష్ట్రం, వేర్వేరు ఫలితాలు

2020 నవంబరులో అధ్యక్ష పదవికి జో బైడెన్‌కు 24,73,633 ఓట్లు, డొనాల్డ్ ట్రంప్‌కు 24,61,854 ఓట్లు వచ్చాయి. తేడా 11,779. 1992 తరువాత జార్జియాలో డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థి గెలవడం అదే మొదటిసారి. అదే రోజు సెనేట్ పోటీలో రిపబ్లికన్ డేవిడ్ పెర్డ్యూ డెమోక్రాట్ జాన్ ఆసఫ్ కంటే సుమారు 88,000 ఓట్లు ముందున్నాడు. మన పద్ధతి అయితే పెర్డ్యూ ఆ రాత్రే సెనేటర్. కాని ఆయనకు వచ్చింది 49.7 శాతం. 2021 జనవరి 5న జరిగిన రనాఫ్‌లో ఆసఫ్ సుమారు 55,000 ఓట్లతో గెలిచాడు. రెండో సెనేట్ స్థానానికి జరిగిన రనాఫ్‌లో రఫాయెల్ వార్నాక్ కెల్లీ లెఫ్లర్‌ను సుమారు 93,000 ఓట్లతో ఓడించి జార్జియా తొలి నల్లజాతి సెనేటర్ అయ్యాడు. సెనేట్‌లో రెండు పక్షాల బలం 50–50 కాగా, ఉపాధ్యక్షురాలి నిర్ణాయక ఓటుతో ఆధిక్యం డెమోక్రాట్లకు దక్కింది.

2022 నవంబరు ఫలితాలు మరో పాఠం చెబుతాయి. రాష్ట్రస్థాయి కార్యనిర్వాహక పదవులన్నీ రిపబ్లికన్లవే. గవర్నర్ బ్రయాన్ కెంప్ 53.4 శాతంతో తిరిగి గెలిచాడు. అదే బ్యాలెట్‌పై రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థి హెర్షెల్ వాకర్‌కు కెంప్ కంటే సుమారు 2 లక్షల ఓట్లు తక్కువ వచ్చాయి. డిసెంబరు 6న జరిగిన రనాఫ్‌లో వార్నాక్ 51.4 శాతంతో గెలిచాడు. రాష్ట్రానికి ఒక పార్టీ గవర్నరును, సెనేట్‌కు మరో పార్టీ సభ్యుని కోరిన ఓటర్లు వేలల్లో ఉన్నారన్నమాట. "జార్జియా ఫలానా పార్టీది" అనే వాక్యం పరీక్ష జవాబులో రాసేముందు ఏ పదవికి, ఏ ఏడాదికి అని ప్రశ్నించుకోండి.

7.8 సంతకం పెట్టే చేయి

ఓట్లు లెక్కించే అధికారి తానే అభ్యర్థి అయితే? 2018లో జార్జియాలో అదే జరిగింది. గవర్నర్ పదవికి పోటీ చేసిన కెంప్ పోలింగ్ నాటికి సెక్రటరీ ఆఫ్ స్టేట్. స్టేసీ ఏబ్రమ్స్‌పై సుమారు 55,000 ఓట్లతో గెలిచిన తరువాతే ఆ పదవికి రాజీనామా చేశాడు. ఈ ఏర్పాటుపై తీవ్ర విమర్శలు వచ్చాయి.

కెంప్ వదిలిన పదవి ఆ ఏడాది రనాఫ్‌కు వెళ్లింది. గెలిచినవాడు రిపబ్లికన్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్. 2020లో తాను ట్రంప్‌కే ఓటు వేశానని ఆయన బహిరంగంగా చెప్పాడు. అయినా సుమారు 50 లక్షల బ్యాలెట్లను చేతితో లెక్కించే తనిఖీని జరిపించాడు. కొన్ని కౌంటీల్లో మొదట లెక్కలోకి రాని ఓట్లు అప్పుడు బయటపడ్డాయి. తేడా తగ్గిందే గాని ఫలితం మారలేదు. నవంబరు 20న ఫలితాన్ని ధ్రువీకరించాడు. ఆ తరువాత యంత్రాలతో జరిపిన పునర్గణనలో తేలిన తేడాయే 11,779. 2021 జనవరి 2న అధ్యక్షుడు ట్రంప్ ఆయనకు ఫోన్ చేసి, అంతకంటే ఒక్క ఓటు ఎక్కువగా 11,780 ఓట్లు తనకు కావాలని కోరాడు. రాఫెన్స్‌పెర్గర్ అంగీకరించలేదు.

టెల్ఫేర్‌లో ఓట్లు దొరికాయి, 2021లో దొరకలేదు. రెండు సందర్భాల్లోనూ ఫలితం నిలవడానికి, కూలడానికి మధ్య ఉన్నది చాలామంది ఓటర్లకు పేరు కూడా గుర్తుండని ఒక రాష్ట్రస్థాయి పదవి. 2022 ప్రైమరీలో ట్రంప్ మద్దతు ఉన్న ప్రత్యర్థిపైనా, నవంబరులో డెమోక్రాట్‌పైనా రాఫెన్స్‌పెర్గర్ గెలిచాడు. ఈలోగా శాసనసభ 2021లో చట్టం చేసి రాష్ట్ర ఎన్నికల బోర్డు అధ్యక్ష స్థానం నుండి సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను తప్పించింది. రనాఫ్ గడువును తొమ్మిది వారాల నుండి నాలుగు వారాలకు తగ్గించింది. నియమం మళ్లీ మారింది.

వ్యక్తి నిజాయితీపై ఆధారపడిన వ్యవస్థ ఆ వ్యక్తి ఉన్నంతవరకే భద్రం. జార్జియా చరిత్ర ఫోర్ట్‌సన్‌ను, రాఫెన్స్‌పెర్గర్‌ను మెచ్చుకోవడానికి కారణం చూపుతూనే, వారి స్థానంలో మరొకరు ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నను కూడా మిగులుస్తుంది.

7.9 సారాంశం

జార్జియాలో ఓటరు ఫెడరల్, రాష్ట్రస్థాయి పదవులను ఒకే బ్యాలెట్‌పై ఎన్నుకుంటాడు. కౌంటీ యూనిట్ పద్ధతి 1963 వరకు ఓట్ల బరువును అసమానం చేసింది. 1964లో వచ్చిన మెజారిటీ నియమాన్ని అధికారంలో ఉన్న పార్టీలు తమ అవసరాన్ని బట్టి మార్చాయి. అయితే ఫలితాలు ఎల్లప్పుడూ వారు ఆశించినట్లు రాలేదు. నల్లజాతి అభ్యర్థుల గెలుపును అడ్డుకునే ఉద్దేశం కూడా ఉన్న రనాఫ్‌లోనే వార్నాక్ గెలిచాడు. ఎన్నికల అంకెలను వాటి నియమాలతో, వాటిని ధ్రువీకరించిన అధికారితో కలిపి చదివినప్పుడే అవి చరిత్రకు ఆధారాలవుతాయి.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కౌంటీ యూనిట్ పద్ధతిలో మొత్తం యూనిట్లు ఎన్ని? అవి ఎలా కేటాయించబడ్డాయి?
2. 1966లో ఎక్కువ ఓట్లు పొందిన అభ్యర్థి గవర్నర్ ఎందుకు కాలేదు?
3. 1996 నాటి నియమం 2020లో అమలులో ఉంటే పెర్డ్యూ ఫలితం ఏమయ్యేది?

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. జార్జియాలో ఓట్ల లెక్కింపు నియమాల పరిణామాన్ని 1946 నుండి 2021 వరకు వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1947 నాటి ముగ్గురు గవర్నర్ల వివాదాన్ని తెలపండి.
2. ఎన్నికల ధ్రువీకరణ విషయంలో భారతదేశపు ఏర్పాటును జార్జియా ఏర్పాటుతో పోల్చి, రెండింటి బలాబలాలను చర్చించండి.