కోలారు ధూళి

కోలారు బంగారు గనుల చరిత్రను ఔన్సుల్లో, అడుగుల్లో చెప్పడం అలవాటు. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన తవ్వకం మూడు కిలోమీటర్ల లోతుకు చేరి, 2001లో ఆగింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు, తమిళ కూలీల ఊపిరితిత్తుల్లోనూ ఆ చరిత్ర నమోదై ఉంది. బంగారం క్వార్ట్జ్ రాతి చారల్లో దొరికేది. డ్రిల్లు తిరిగినప్పుడల్లా కంటికి ఆనని సిలికా పొడి లేచేది. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో కావలి కాసే మాక్రోఫేజ్ అనే రక్షక కణం ఆ రేణువును సూక్ష్మజీవి అనుకుని మింగేస్తుంది. అరిగించుకోలేదు. లోపలి జీర్ణసంచి చిట్లుతుంది, వాపు పుట్టించే రసాయనాలు వెలువడతాయి; కణం చస్తుంది, రేణువు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడి మరో కణం నోట పడుతుంది. ఈ తంతు ఏళ్ల తరబడి సాగి మచ్చలు గట్టిపడడమే సిలికోసిస్.

రేణువుల గరుకుదనమే గాయం చేస్తుందని ఒకప్పుడు నమ్మారు. అదే నిజమైతే క్వార్ట్జ్ కంటే గట్టిదైన సిలికాన్ కార్బైడ్ ఇంకా ఎక్కువ చేటు చేయాలి, చేయదు. కూలీలను చంపింది క్షయ, దానికి మూలం ఇరుకు కూలీ ఇళ్లూ పేదరికమూ అనే వాదన మరింత బలమైనది, గని యజమానులకు అనుకూలమైనది కూడా. ఇరుకు ఇళ్లలో క్షయ పాకుతుంది, కాదనలేం. కానీ క్షయ క్రిమిని పట్టి ఆపాల్సింది ఈ మాక్రోఫేజే. సిలికా మింగి సగం చచ్చిన కావలివాడు దొంగను ఏం పడతాడు? సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు పలురెట్లని దక్షిణాఫ్రికా బంగారు గనుల్లోనూ తేలింది. గని వదిలేసినా లోపలి రేణువు వదలదు. కోలారులో గనులు మూతపడ్డాయి; బంగారం వేరుచేశాక మిగిలిన సైనైడ్ దిబ్బల పొడి మాత్రం గాలి వీచినప్పుడల్లా ఊరి మీదికి లేస్తూనే ఉంది.