ఫోటో వెనుక రాయని పేర్లు

పాత ఫోటోలు బయటికి తీసినప్పుడు మీరూ గమనించే ఉంటారు. తాతగారెవరో, ఆయన అన్నదమ్ములెవరో ఇంట్లో అందరూ చెప్పేస్తారు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "ఆయన భార్య", "వాళ్ళ పెద్దకోడలు" అంటారు. పేరడిగితే మొహమొహాలు చూసుకుంటారు.

అసలు మన ఆడవాళ్ళు కెమెరా ముందుకు రావడమే పెద్ద కథ. 1839లో ఫ్రాన్సులో డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతి లోకానికి తెలిసింది. మరుసటి ఏడాదికే కెమెరాలు కలకత్తా చేరాయి. అయినా ఘోషా పాటించే ఇళ్ళలో పరాయి మగవాడి ఎదుట కూర్చుని ఫోటో తీయించుకోవడం జరిగే పనేనా? పైగా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఒకటి!

హైదరాబాదులో దీనికొక దారి దొరికింది. లాలా దీన్‌దయాళ్ మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఫోటోల మీద మక్కువతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1892లో ఆయన ఇక్కడ ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయురాలికి అప్పగించారు. ఘోషా స్త్రీలు నిశ్చింతగా వచ్చి కూర్చోగలిగారు.

అది గొప్పింటి ముచ్చట. మనలాంటి ఇళ్ళలో చాలాకాలం ఫోటో అంటే పెళ్ళికో, పిల్లలు పుట్టాకో ఒకటి. వెనక రంగుల తెర, పక్కన బల్ల మీద పూలకుండీ, బిగుసుకుపోయిన మొహాలు. అంత అరుదు కాబట్టే అందులో ఎవరున్నారు, ఎవరు లేరన్నదే ఆ ఇంటి చరిత్ర.

మా అమ్మవాళ్ళింట్లో 1950ల నాటి పెళ్ళి ఫోటో ఒకటుంది. చివరి వరుసలో, ఓ మూలగా, తలమీద ముసుగుతో ఒకావిడ. ఎవరని అడిగితే మా పెద్దమ్మ ఒక్కతే చెప్పింది. తాతగారి మేనత్తట. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టింది. శుభకార్యాల్లో ఎదురు రాకూడదని లోపలే ఉండే మనిషిని ఆరోజు మా అమ్మమ్మే చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టిందట. "ఆవిడ వంట తిననివాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?" అని గట్టిగానే అడిగిందట.

ఎనభై నాలుగేళ్ళ పెద్దమ్మకు తప్ప ఆవిడ పేరు ఇంకెవరికీ తెలియదు. ఆ పూటే ఫోటో వెనక పెన్సిలుతో రాసిపెట్టాను. పెద్దమ్మను ఆరోజు అడగకపోతే ఆ ముసుగు మనిషితోపాటు మా అమ్మమ్మ ధైర్యం కూడా మాకు తెలియకుండా పోయేది.

మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్ళుంటారు. ఫోటోలు పట్టుకెళ్ళి పక్కన కూర్చోండి. ఒక్కొక్కరి పేరూ, ఊరూ, వరసా అడిగి వెనక అంచున మెత్తటి పెన్సిలుతో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపుకి అచ్చుపడుతుంది. ఆడవాళ్ళ పేర్లు మాత్రం మరీ గుచ్చి గుచ్చి అడగండి.