ఫేక్ ఎక్స్‌పీరియన్స్ - బిల్లు కట్టిందెవరు?

"రెజ్యూమెలో ఓ రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ కలుపుకుంటే ఎవరికి నష్టం? వాడికి ఉద్యోగం వస్తుంది, కంపెనీకి పని జరుగుతుంది." మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి బెంగళూరొచ్చి ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్ల గదుల్లో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. "అబద్ధం ఆడరాదు" అని నీతి చెప్తే ఎవడూ వినడు, వినాల్సిన అవసరం కూడా లేదు. నష్టం ఎవరికి అన్నది లెక్కకు సంబంధించిన ప్రశ్న. గత పాతికేళ్ల చరిత్రలో ఆ లెక్క ఉంది. ఒకసారి చూద్దాం.

ఒకప్పుడు పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల పిల్లలు ఇంజనీరింగు చదవాలంటే తిరుపతికో అనంతపురానికో పోవాలి. 1998లో మదనపల్లెలో మిట్స్ వచ్చింది, ఆ తర్వాత కుప్పంలోనూ ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని ఒక ప్రాజెక్టు పెడితే ఐటీ మన గడపలోకే వచ్చేసిందని పేపర్లు రాశాయి. కానీ ఉద్యోగాలు మాత్రం బెంగళూరులోనే ఉండిపోయాయి.

టైమింగు చూడండి. 1998లో చేరినవాళ్లు నాలుగేళ్లు చదివి బయటికొచ్చేసరికి 2002. వైటుకె పని అయిపోయింది, 2000లో డాట్‌కామ్ బుడగ పేలింది. పేపర్లో ఏ ప్రకటన చూసినా "2 ప్లస్ ఇయర్స్" అనే. ఫ్రెషర్‌ని తీసుకునేవాడు లేడు, తీసుకోకపోతే ఎక్స్‌పీరియన్స్ రాదు. అమీర్‌పేటలో, బెంగళూరు మారతహళ్లిలో కోర్సుతో పాటు ఎక్స్‌పీరియన్స్ లెటరు కూడా అమ్మే దుకాణాలు వెలిసింది ఈ ఇరకాటంలోనే.

ఇక్కడ కుర్రాళ్లని మాత్రమే తిట్టడం అన్యాయం. బెంచి మీద కూర్చున్నవాడిని క్లయింటుకి చూపించేటప్పుడు రెజ్యూమెకి కాస్త కండ పట్టించడం పెద్దవాళ్ల వ్యాపారంలోనూ ఉన్నదే. కంపెనీలే తమ రెజ్యూమెలో అబద్ధం రాసుకున్న సంగతి మనకి తెలియంది కాదు. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో సత్యం కంపెనీ ఖాతాల్లో చూపించిన 5,040 కోట్ల నగదు అసలు లేనేలేదని తేలింది. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, ఎలా దిగాలో తెలియలేదని ఆయన వాపోయాడు. 2015లో కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. అంత పెద్దాయనే అలా చేస్తే, నెలకి గది అద్దె కట్టలేనివాడు రెండేళ్లు కలుపుకుంటే తప్పా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టమే.

సరే, మరి బిల్లు ఎవరు కట్టారు?

అదే 2009లో చెన్నైలోని అమెరికా కాన్సులేటు తమ ప్రభుత్వానికి ఒక కేబుల్ పంపింది. తర్వాత అది వికీలీక్స్‌లో బయటపడింది. హెచ్1బి దరఖాస్తుల్లోని ఎక్స్‌పీరియన్స్ లెటర్లు నిజమో కాదో చూడడానికి ఏడాదిన్నరలో హైదరాబాదులో 150 కంపెనీలను పరిశీలిస్తే, అందులో 77 శాతం నకిలీవో, బాగా అనుమానించదగ్గవో అని తేలిందట. ఇంకో విచిత్రం, తనిఖీకి అంతదూరం రారన్న ధైర్యంతో కొందరు పుణెలో పనిచేశామని లెటర్లు పెట్టడం మొదలెట్టారట.

ఈ 77 శాతం అన్నది దర్యాప్తు చేసిన కంపెనీల లెక్క, హైదరాబాదులో పనిచేసే అందరిదీ కాదు. కానీ వీసా కిటికీ అవతల కూర్చున్న ఆఫీసరుకి ఈ తేడా గుర్తుంటుందా? నిజంగా నాలుగేళ్లు ఒక చిన్న కంపెనీలో ఒళ్లొంచి పనిచేసినవాడు వచ్చి నిలబడితే అతని లెటరు కూడా అదే కుప్పలోకి పోతుంది.

దీన్ని అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సెకండ్ హ్యాండు కార్ల మీద రాసిన వ్యాసంలో వివరించాడు, 2001లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మదనపల్లె టమాటా మార్కెట్ చూసినవాళ్లకి ఆ వ్యాసం అక్కర్లేదు. బాక్సు పైన ఎర్రటి కాయలు పేర్చి అడుగున మెత్తబడినవి సర్దితే ఆ పూటకి ఆ రైతుకి గిట్టుబాటవ్వచ్చు. రెండు మూడుసార్లు దెబ్బతిన్న వ్యాపారి ఆ తర్వాత ఏం చేస్తాడు? అందరి బాక్సులకీ తగ్గించి పాడతాడు. మంచి కాయలు తెచ్చినవాడికీ అదే రేటు. పొట్టిగా ఉన్న ప్రతి ఆవునీ పుంగనూరు ఆవని అంటగడితే చివరికి నష్టపోయేది అసలు పుంగనూరు ఆవును పెంచినవాడే కదా. ఇదీ అంతే.

ఇది పుస్తకాల గొడవ కాదు. నేనూ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఒక వారంలో వచ్చిన మూడు రెజ్యూమెల్లో ఒకే బ్యాంకింగ్ ప్రాజెక్టు, అవే వాక్యాలు, ఆఖరికి అదే స్పెల్లింగు తప్పు. నాలుగో కుర్రాడు కుప్పం పక్క పల్లెటూరివాడు, ఓ పదిమంది ఉన్న కంపెనీలో నిజంగానే పనిచేశాడు, పని కూడా వచ్చు. అయినా హెచ్ఆర్ అతన్ని జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ కాగితాలు అంటూ మూడు వారాలు తిప్పింది. పెద్ద కంపెనీ నుంచి వచ్చినవాడిని ఇవేవీ అడగలేదు. ముందు ముగ్గురి బిల్లు కట్టింది ఇతనే.

కంపెనీలు తమ జాగ్రత్తలు తాము పడ్డాయి. 2006 జనవరిలో నాస్కామ్ నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టింది, వేలిముద్రలతో సహా. 2014లో పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు వచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో ఒకేచోట కనిపిస్తోంది. 2022 నవంబరులో యాక్సెంచర్, లేని కంపెనీల పేరుతో లెటర్లు పెట్టి చేరినవాళ్లని ఇండియాలో తీసేశామని ప్రకటించింది. అంటే అబద్ధం చెప్పి చేరినవాడికి కూడా రోజూ భయమే. కొత్త కంపెనీ వెరిఫికేషన్ మెయిల్ వచ్చిన ప్రతిసారీ గుండె దడ. ఇంతా అయ్యాక కంపెనీకి కలిగిన నష్టం ఏపాటిది? ఒక ఏజెన్సీకి ఫీజు కట్టి ఊరుకుంటుంది.

కాబట్టి నా మాట ఇది. లేని రెండేళ్లు కంపెనీ నుంచి దొంగిలించినవి అనుకుంటే పొరపాటు. అవి మీ వెనకాల లైన్లో నిల్చున్న, మీ ఊరే, మీ కాలేజే అయిన ఇంకో కుర్రాడివి. గ్యాప్ ఉంటే గ్యాప్ అని రాసినవాడు, ఇంటర్వ్యూకి పిలుపు రాకపోయినా అలాగే రాసినవాడు, అతను కట్టాడు మీ బిల్లు.

ఇక ఉద్యోగాలిచ్చే చోట ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఆరు నెలల్లో నేర్పగలిగే పనికి "2 ప్లస్ ఇయర్స్" అని ప్రకటన వేయడం మానండి. పని వచ్చో రాదో కూర్చోబెట్టి చూడండి, ఒక గంట పడుతుంది. ఆ గంట మనం మిగుల్చుకున్నంత కాలం ఆ లెటర్ల దుకాణాలు నడుస్తూనే ఉంటాయి.