తుపాకీ పేలాక తెరుచుకున్న ఖజానా

కెనడాలో పేదల కోసం ప్రభుత్వ సొమ్ముతో కట్టిన మొట్టమొదటి పెద్ద కాలనీ టొరంటో నగరంలోని రీజెంట్ పార్క్. 1948లో పని మొదలైంది. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఆ ఇళ్లు దేశదేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాలతో నిండిపోయాయి. హైస్కూలు మాత్రం రాలేదు. పిల్లలు ఊళ్లోని వేర్వేరు బడులకు బస్సుల్లో, ట్రాముల్లో వెళ్లాలి. టిక్కెట్టుకు డబ్బుల్లేని రోజు బడీ లేనట్టే. 2001 నాటికి అక్కడి పిల్లల్లో నూటికి 56 మంది హైస్కూలు పూర్తి కాకుండానే చదువు మానేస్తున్నారు.

దీన్ని పట్టించుకున్నది విద్యాశాఖ కాదు, కాలనీలోని ఆరోగ్య కేంద్రం. దాని బాధ్యతలు చూసిన కరోలిన్ ఆకర్ వృత్తిరీత్యా నర్సు. ఈ వీధిలో పుట్టిన బిడ్డే రేపు ఇదే కేంద్రంలో డాక్టరో, నర్సో, అధికారో కావాలన్నది ఆమె కోరిక. అందులోంచి 2001లో పుట్టిందే ‘పాత్‌వేస్ టు ఎడ్యుకేషన్’.

తోడు లేని పిల్లలకు పెద్దల తోడు కల్పించడం అప్పటికి కొత్త సంగతేమీ కాదు. 1904లో న్యూయార్క్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్స్’ ఉద్యమం 1913లోనే టొరంటో చేరింది. ఊళ్లో పేరున్న ఒక పెద్దమనిషి ఒక కుర్రాడికి అన్నలా నిలబడి మంచీ చెడూ చెప్పేవాడు. విరాళాలతో, సేవాభావంతో నడిచిన పని అది. అయితే బస్సు టిక్కెట్టు లేని పిల్లాడికి సుద్దులెన్ని చెప్పినా బడికి చేరలేడు. ఆకర్ బృందం పట్టుకున్న కిటుకు అదే. వారంలో నాలుగు సాయంత్రాల వరకు ఉచిత ట్యూషన్ పెట్టారు. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు గుంపుగా మెంటార్లు, పై తరగతులకు వచ్చాక ఉద్యోగాల దారి చూపేవాళ్లు ఉండేవారు. బడికి వెళ్లినవాళ్లకు బస్సు టిక్కెట్లు ఇచ్చారు. ప్రోగ్రాంలో ఉన్న ఒక్కో ఏడాదికి 1,000 డాలర్ల చొప్పున, 4,000 డాలర్ల దాకా పిల్లల పేరిట జమచేసి పైచదువుకు అందించారు. వీటన్నిటికీ ఇరుసు జీతం తీసుకునే ఒక ఉద్యోగి. హాజరు, మార్కులు కనిపెట్టుకుంటూ ఇటు ఇంటితో, అటు బడితో మాట్లాడటం ఆ మనిషి పని. బాగా చదివేవాళ్లను ఏరుకోలేదు. ఆ చిరునామాలో ఉంటే చాలు, ఎవరైనా చేరవచ్చు.

తెలుగునాట 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ప్రతిభ గల పేదపిల్లవాణ్ని ఇంటి నుంచి బడికి తెచ్చి అక్కడే ఉంచుకుంది. రీజెంట్ పార్క్ మాత్రం పిల్లవాణ్ని ఇంట్లోనే ఉంచి, వాడి చుట్టూ మనుషుల్ని నిలబెట్టింది. రెండింటికీ ఏటేటా ఆగకుండా డబ్బు కావాలి.

టొరంటోలో ఆ డబ్బు కదిలిన తీరు వేరు. 2005లో నగరంలో 52 మంది తుపాకీ కాల్పుల్లో చనిపోయారు. క్రిస్మస్ మర్నాడు, జనం కిటకిటలాడే యంగ్ స్ట్రీట్‌లో పదిహేనేళ్ల విద్యార్థిని బలైంది. 2006 ఫిబ్రవరిలో ఒంటారియో రాష్ట్ర ప్రీమియర్ డాల్టన్ మెగింటీ కోటి 50 లక్షల డాలర్లతో ‘యూత్ ఛాలెంజ్ ఫండ్’ ప్రకటించారు. ప్రైవేటు దాతలు ఇచ్చినదానికి సమానంగా మరో కోటి 50 లక్షల దాకా కలుపుతామన్నారు. నిర్వహణ యునైటెడ్ వే సంస్థది, సారథ్యం ఫుట్‌బాల్ తార మైకేల్ ‘పిన్‌బాల్’ క్లెమన్స్‌ది. జేన్-ఫించ్, మాల్వర్న్ వంటి 13 పేటల్లో యువత తామే నడిపే పథకాలకు ఆ సొమ్ము వెళ్లింది. మంచి పనే, కాకపోతే గడువున్న పని. గడువు తీరగానే మెంటార్ మారిపోతే, మనుషులు వదిలిపోవడం ఇంట్లోనే చూసిన పిల్లవాడికి అది ఇంకో అనుభవం మాత్రమే.

2007లో ఒక బడిలోనే విద్యార్థి కాల్పులకు బలయ్యాక, ఒంటారియో మాజీ ప్రధాన న్యాయమూర్తి రాయ్ మెక్‌మర్ట్రీ, మాజీ స్పీకర్ ఆల్విన్ కర్లింగ్ యువత హింసకు మూలాలపై విచారణ జరిపారు. 2008 నాటి వారి నివేదిక పేదరికాన్ని, జాతివివక్షను, అరకొర ఇళ్లను వేలెత్తి చూపింది. 2012 జులైలో డాన్‌జిగ్ స్ట్రీట్ విందులో కాల్పులు జరిగి ఇద్దరు చనిపోతే, ఆ వేసవిలోనే మరో పథకం వచ్చింది. ఈ వరసను యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

పాత్‌వేస్ ఈలోగా మెల్లగా విస్తరించింది. 2007లో రెక్స్‌డేల్, లారెన్స్ హైట్స్, కిచెనర్, ఒట్టావా, మాంట్రియల్‌లోని వెర్డన్‌లకు వెళ్లింది. 2010 బడ్జెట్‌లో ఫెడరల్ ప్రభుత్వం రెండు కోట్ల డాలర్లు ఇచ్చింది. 2017 బడ్జెట్‌లో నాలుగేళ్లకు 3 కోట్ల 80 లక్షలు కేటాయించింది.

ఆర్థికవేత్త ఫిలిప్ ఓరియోపౌలోస్ బృందం రీజెంట్ పార్క్ పిల్లలను టొరంటోలోని ఇతర ప్రభుత్వ కాలనీల పిల్లలతో పోల్చి చూసింది. హైస్కూలు పూర్తి చేయడం, పైచదువుకు వెళ్లడం బాగా పెరిగాయి. కొన్ని సందర్భాల్లో పెరుగుదల 50 శాతానికి పైనే. అదే బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో, పెద్దయ్యాక వాళ్ల ఆదాయం 19 శాతం, ఉద్యోగాల్లో ఉండేవారి సంఖ్య 14 శాతం ఎక్కువగా ఉన్నాయని, ప్రభుత్వ సాయంపై బతకడం 30 శాతానికి పైగా తగ్గిందని తేలింది. ఆ సంగతి బయటపడేనాటికి 2006 నాటి ఫండ్ మూతపడి ఏళ్లయింది.