లక్ష్యం ముందు, లక్షణం తరువాత



పదవీ విరమణానంతరం జావాస్క్రిప్ట్ నేర్చుకొంటూ, నా పద్యాలను లెక్కించే చిన్న ప్రోగ్రామొకటి వ్రాశాను. పది పద్యాలు చేర్చిన పిమ్మట ఏ పద్యాన్ని అడిగినా లెక్క "ఒకటి" అనే వచ్చింది! లెక్కను ఏ పద్యానికాపద్యం చేతిలో పెట్టడమే నా పొరపాటు. పలక విద్యార్థిది, హాజరుపట్టీ తరగతిది. ముప్పయ్యేళ్లు హాజరు వేసినవాడికి ఈ భేదం తట్టకపోవడం సిగ్గుచేటే.

క్లాసుకే చెందిన అంశాలను 'స్టాటిక్' అనీ, క్లాసు నుండి పుట్టే ఒక్కొక్క వస్తువుకు చెందినవాటిని 'ఇన్‌స్టన్స్' అనీ అంటారు. ఈ విభజనకు చరిత్ర ఉంది.

నార్వేలో డాల్, నైగార్డ్‌లు రూపొందించిన సిమ్యులా 67 క్లాసు అనే భావనకు నాంది పలికింది. స్మాల్‌టాక్-80 క్లాసును కూడ ఒక వస్తువుగానే భావించి, దానికి సొంత మెథడ్‌లు కల్పించింది. సీ భాషలో అప్పటికే ఉన్న 'స్టాటిక్' అనే మాటను సీ ప్లస్ ప్లస్ ఈ అర్థంలో వాడుకొన్నది. 1995లో వెలువడిన జావా దానిని అనుసరించింది. నిఘంటువును బట్టి ఆ మాటకు 'నిశ్చలం' అని అర్థం. ఇక్కడ విలువ మారవచ్చు. అది క్లాసు సొత్తన్నదే ముఖ్యం. రూఢ్యర్థం అంటే ఇదే కదా!

అదే 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను రూపొందించారు. అందులో క్లాసులు లేవు. ఒక వస్తువు మరొక వస్తువును ఆధారం చేసుకొనే ప్రోటోటైప్ పద్ధతి ఉండేది. అయినా 1997 నాటి తొలి ప్రమాణంలోనే, అక్షరాలలో వ్రాసిన తేదీని చదివే 'పార్స్' అనే ఫంక్షన్ ఉంది. అది ఏ ఒక్క తేదీకీ చెందదు, 'డేట్'కే చెందుతుంది. సంవత్సరమేదో తెలియాలంటే మాత్రం ఆ తేదీనే అడగాలి. అంటే, పేరు లేకున్నా భేదం ఉన్నది.

1999 నాటి మూడవ ప్రమాణం 'స్టాటిక్' అనే మాటను భవిష్యత్తుకై కేటాయించింది. పీట వేసి పదహారేళ్లు ఖాళీగా ఉంచినట్లయింది. 2015లో క్లాసులతో పాటు స్టాటిక్ మెథడ్‌లు వచ్చి ఆ పీటపై కూర్చున్నాయి. స్టాటిక్ విలువలను క్లాసులోనే ప్రకటించే సదుపాయం 2022 ప్రమాణంలో చేరింది.

ముందు ప్రయోగం, పిదప సూత్రం. వ్యాకరణం చదువుకొన్నవారికి ఇది క్రొత్త కాదు.

నా లెక్కను క్లాసుకు అప్పగించాను. ఇప్పుడు క్లాసును అడిగితే "పది" అంటుంది. పద్యాన్ని అడిగితే, అది తన సొత్తు కాదు గనుక, 'అన్‌డిఫైన్డ్' అని ఊరుకొంటుంది.