దమ్ బిగపట్టొద్దు: గోతాఖోర్ సామాను వెనక ఉన్న తారీఖ్

మా అమ్మీ చెవులకు రెండు బస్రా మోతీలుంటాయి. నానీ నుంచి అమ్మీకి నికాహ్ రోజు వచ్చినవి. తెల్లగా ఉండవు, పాలల్లో చిటికెడు పసుపు కలిపినట్టుంటాయి. పత్థర్‌గట్టీ ముత్యాల దుకాణాల ముందు నుంచి పోయినప్పుడల్లా అమ్మీ అద్దాల వైపు ఓసారి చూసి, "యే సబ్ ఖేతీ కే హైఁ" అంటుంది. ఇవన్నీ సాగు ముత్యాలే అని. అసలు మోతీ అంటే సమందర్ అడుగు నుంచి ఒక మనిషి దమ్ బిగపట్టి తెచ్చిందని ఆమె లెక్క.

పోయిన ఏడాది నా బేటీ ఇంటర్ పరీక్షలు అయిపోగానే, "అబ్బా, స్కూబా డైవింగ్ నేర్చుకుంటా. నువ్వూ రా" అంది. నాకు నలభై దాటినై. బావిలో ఈత తప్ప వేరే నీళ్లు తెలియవు. అమ్మీ అయితే తస్బీ పక్కన పెట్టి మరీ అడిగింది: "పానీ మే జాకో క్యా కర్తే రే? దమ్ ఘుట్ జాతా. నక్కో." పోత్రీ మొహం చూసి మెత్తబడింది గానీ, మోతీలు చెవులకు పెట్టుకున్న మనిషే నీళ్లంటే భయపడటం నాకు గుర్తుండిపోయింది.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. ఒకే మాట రెండు జబాన్లలో రెండు మానేలతో వినపడితే అక్కడే ఆగిపోతాను. దమ్ అంటే ఉర్దూలో ఊపిరి. తెలుగులోకి వచ్చి దమ్ము అయింది, ధైర్యమని మానే తెచ్చుకుంది. 'దమ్ముంటే దూకు' అంటాం. హైదరాబాద్‌లో ఒక స్విమ్మింగ్ పూల్ దగ్గర, దూకడానికి ముందు మా ఉస్తాద్ చెప్పిన మొదటి మాట మాత్రం దీనికి ఉల్టా ఉంది. విశాఖ కుర్రాడు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. "సార్, వంద రూల్స్ మర్చిపోయినా పర్లేదు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. నీళ్లల్లో ఊపిరి బిగపట్టొద్దు."

నాకు హైరత్ అనిపించింది. వేల ఏళ్లుగా గోతాఖోర్ హునర్ అంటేనే ఊపిరి బిగపట్టడం కదా? అదెప్పుడు మొదటి నేరమైంది? సామాను ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుంటున్న కొద్దీ జవాబు ఒక్కొక్క ముక్క దొరికింది.

మొదట మాస్క్. ఇక్కడే నేను గల్తీ చేశాను. చూడ్డానికి బాగుందని, ధర తక్కువని, ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాను. మాస్క్ ఎన్నుకునే తరీఖా చాలా సాదా అని తర్వాత తెలిసింది. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలేయాలి. కింద పడకుండా అతుక్కుని ఉంటే అది మీ మొహానికి తగినది. జారితే ఎంత ఖరీదైనదైనా మీది కాదు. అందుకే మాస్క్ మాత్రం దుకాణానికి పోయి, మొహానికి పెట్టి చూసుకునే కొనాలి. ఇంకో సంగతి, మీసం. సిలికాన్ అంచు కింద వెంట్రుకలు ఉంటే నీళ్లు లోపలికొస్తాయి. ఉస్తాద్ మొహమాటంగా, "సార్, గడ్డం ఓకే, మీసమే కొంచెం..." అన్నాడు. మీసం కత్తిరించుకోవడం సున్నత్ అని చిన్నప్పటి నుంచి వింటూ బద్ధకించినవాణ్ణి, చివరికి ఒక డైవింగ్ ఉస్తాద్ మాటతో కత్తెర పట్టాను.

మాస్క్‌లో ముక్కు కూడా ఎందుకుండాలి? ఈత కళ్లద్దాలు సరిపోవా? సరిపోవు. లోతుకు పోయే కొద్దీ నీటి ఒత్తిడి అద్దాలను కళ్ల మీదికి నొక్కుతుంది. మాస్క్‌లోకి ముక్కుతో కొంచెం గాలి వదిలితే ఆ నొక్కుడు పోతుంది. కళ్లద్దాలతో అది కుదరదు. 14వ శతాబ్దంలో ఖలీజ్ వైపు వెళ్లిన ఇబ్న్ బతూతా, అక్కడి మోతీ గోతాఖోర్లు తాబేలు చిప్పతో చేసిన తొడుగు మొహానికి పెట్టుకుంటారని, అదే చిప్పతో కత్తెర ఆకారంలో చేసిన దానితో ముక్కు నొక్కుకుంటారని రాశాడు. మన కాలం దాకా ఖలీజ్‌లో వాడిన ఆ ముక్కు క్లిప్ పేరు ఫితామ్. వాళ్ల ముక్కు మూసి ఉండేది, మన ముక్కు మాస్క్ లోపల పని చేస్తుంది.

తర్వాత సూట్. అమ్మీ అడిగిన రెండో సవాల్ ఇదే: "బచ్చీ క్యా పహన్తీ?" వెట్‌సూట్ మెడ నుంచి చీలమండల దాకా కప్పేస్తుంది, తలకు విడిగా హుడ్ దొరుకుతుంది. ఫొటో చూపిస్తే అమ్మీ, "బుర్ఖే సే జ్యాదా టైట్ హై, మగర్ పూరా హై" అని ఫత్వా ఇచ్చేసింది. కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఫిజిక్స్ సైన్స్‌దాన్ హ్యూ బ్రాడ్నర్ 1950ల మొదట్లో దీన్ని తయారుచేశాడు. ఒళ్లు తడవకుండా ఉంచక్కర్లేదు, వేడి పోకుండా ఉంటే చాలు అన్నది అతని ఖయాల్. నియోప్రిన్ రబ్బరులోని సన్నని గాలి బుడగలు వేడిని ఆపుతాయి. మన తీరం వెచ్చని నీళ్లకు మూడు మిల్లీమీటర్ల మందం సాధారణంగా సరిపోతుంది. చంకల కింద, నడుము దగ్గర ముడతలు పడకూడదు. వదులుగా ఉంటే చల్లనీళ్లు లోపలికొస్తూ పోతూ ఉంటాయి, సూట్ వేసుకుని ఫాయిదా ఉండదు.

ఫిన్స్‌ను ఫ్రెంచ్ నౌకాదళ అఫ్సర్ లూయీ ద కోర్లియు 1933లో పేటెంట్ చేయించాడు. కొత్తవాళ్లు పొడుగైనవి, గట్టివి చూసి మోసపోతారు. కాళ్ల కండరాలు మోయగలిగినవే తీసుకోవాలి, లేకపోతే పది నిమిషాల్లో పిక్కలు పట్టేస్తాయి.

ఇక అసలు సంగతికి వస్తాను, రెగ్యులేటర్. నోట్లో పెట్టుకుని ఊపిరి తీసుకునే సామాను ఇదే.

పైకి ఒక గొట్టం పెట్టుకుని కింద ఊపిరి తీసుకుంటే సరిపోదా అని నా బేటీ అడిగింది. ఈ సవాల్‌కు వెయ్యేళ్ల వయసుంది. అల్‌బిరూనీ జవాహరాత్ మీద రాసిన కితాబులో మోతీ గోతాఖోర్ల ప్రస్తావన ఉంది. బగ్దాద్ మనిషి ఒకడు తనకు చెప్పాడంటూ, ఛాతీ దాకా కప్పే తోలు తొడుగు ఒకటి వచ్చిందని, అందులోని గాలితో వాళ్లు నీళ్లల్లో తిరుగుతున్నారని రాశాడు. ఆ తర్వాత తన సలహా జోడించాడు: తొడుగు పైన తోలు గొట్టం కుట్టి, మైనంతో, తారుతో అతుకులు మూసి, పై కొసను గాలి నింపిన తిత్తులతో నీటి మీద తేలేట్టు చేస్తే ఎంతసేపైనా ఉండొచ్చని. అంతకు ముందే, 9వ శతాబ్దంలో, బగ్దాద్‌లోని బనూ మూసా అన్నదమ్ములు చెడుగాలి ఉన్న బావుల్లోకి దిగే మజ్దూర్ల కోసం కొలిమితిత్తితో గాలి పంపే తొడుగును తమ కితాబుల్ హియల్‌లో వర్ణించారు. కింద ఉన్న మనిషి ఊపిరి గురించి పైన ఉన్న ఆలిమ్‌లు ఫిక్ర్ చేశారు, నాకు ఆ సంగతి ఇష్టం.

అయితే అల్‌బిరూనీ గొట్టం లోతులో పనిచేయదు. ఒక మీటరు కిందికి పోయినా ఛాతీ మీద నీటి బరువు పడుతుంది, పైనున్న మామూలు గాలిని ఊపిరితిత్తులు లాక్కోలేవు. చుట్టూ ఉన్న నీళ్లకు ఎంత ఒత్తిడి ఉందో, నోట్లోకి వచ్చే గాలికీ అంతే ఉండాలి. 1860లలో ఫ్రాన్స్‌లో గనుల ఇంజినీర్ రూకేరోల్, నౌకాదళ అఫ్సర్ దెనెరూజ్ కలిసి, పీల్చినప్పుడే, కావలసినంత ఒత్తిడితోనే గాలి ఇచ్చే యంత్రం చేశారు. ఆ కాలంలో గాలిని గట్టిగా కుదించి దాచే సిలిండర్లు లేక అది అక్కడే ఆగింది.

రెండో ప్రపంచ జంగ్‌లో, జర్మన్ల కబ్జాలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోల్ కరువైంది. కార్లను గ్యాస్‌తో నడిపేందుకు ఎమిల్ గాన్యాఁ అనే ఇంజినీర్ ఒక వాల్వ్ చేశాడు. జాక్ కూస్తో దాన్ని నీటి కిందికి తెచ్చాడు. 1943లో మార్న్ నదిలో పరీక్షిస్తే, అడ్డంగా ఈదినప్పుడు బాగానే ఉంది, నిటారుగా ఉంటే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే గాలి అందలేదు. గాలి వచ్చే చోటు, పోయే చోటు ఒకే ఎత్తులో పెట్టాక ఆ కసర్ తీరింది. ఈ రోజు దుకాణంలో వేలాడుతున్న ప్రతి రెగ్యులేటర్ దాని ఔలాదే. పేరు కూస్తోకు వచ్చింది, గాన్యాఁ పేరు చాలామందికి తెలియదు.

రెగ్యులేటర్ కొత్తవాళ్లు వెంటనే కొనొద్దని మా ఉస్తాద్ నసీహత్. ఖరీదైనది, క్రమంగా సర్వీసింగ్ చేయించాలి, ఏడాదికి రెండుసార్లు దిగేవాళ్లకు కిరాయే మేలు. కిరాయికి తీసుకున్నప్పుడు మాత్రం నోట్లో పెట్టుకుని నాలుగైదు సార్లు గట్టిగా పీల్చి చూడాలి, అదే సమయంలో గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. పీల్చినప్పుడల్లా ముల్లు ఊగితే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదన్నట్టు. తోటి మనిషికి గాలి అయిపోతే ఇచ్చే రెండో మౌత్‌పీస్‌నూ అలాగే పరీక్షించాలి. అది మీకోసం కాదు, పక్కవాళ్ల అమానత్.

గాలి నింపి తేలే జాకెట్, అదే బీసీడీ, అన్నింటికంటే ఆలస్యంగా వచ్చింది. మోరిస్ ఫెంజీ 1961లో మెడకు వేసుకునేది తెచ్చాడు, చొక్కాలా తొడుక్కునేది 1970లలో వచ్చింది. గాలి నింపి చూసినప్పుడు పక్కటెముకలు నొక్కకూడదు, భుజాల మీద పైకి జరగకూడదు.

ఇప్పుడు నా మాస్క్ కథ. పూల్‌లో మూడు మీటర్ల లోతులో ఉండగా ఆ సస్తా మాస్క్‌లోకి నీళ్లొచ్చాయి. ముక్కులోకి పోయాయి. నోట్లో గాలి వస్తూనే ఉంది, కానీ నేను దాన్ని మర్చిపోయాను. చిన్నప్పుడు బావిలో చేసినట్టే దమ్ బిగపట్టి పైకి తన్నాను. ఉస్తాద్ నా జాకెట్ పట్టుకుని ఆపాడు, నా ఛాతీ మీద తట్టాడు, తన నోటి నుంచి బుడగలు వదిలి చూపించాడు. వదిలాను. పైకొచ్చాక అతని మొహంలో నవ్వు లేదు.

కారణం బాయిల్ 1662లో చెప్పిన ఖానూన్. ఒత్తిడి తగ్గితే గాలి ఉబ్బుతుంది. పది మీటర్ల కింద ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. పైనుంచి ఒక్క ఊపిరితో మునిగినవాడికి ఈ ఖతరా లేదు, అతని గాలి కింద ముడుచుకుని పైకొచ్చాక మళ్లీ మొదటి సైజుకే వస్తుంది. కింద పీల్చినవాడు బిగపడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. పూల్ లోతులో కూడా అది జరగొచ్చు. హునర్ నేరమైంది అక్కడే, మనిషి కింద ఊపిరి పీల్చడం మొదలుపెట్టిన రోజే.

ఆ రాత్రి అమ్మీ మోతీల వైపు చూస్తుంటే ఖలీజ్ గోతాఖోర్లే గుర్తొచ్చారు. కాలికి రాయి, నడుముకు తాడు, మెడలో బుట్ట, ముక్కుకు ఫితామ్, వేళ్లకు తోలు తొడుగులు. అంతే సామాను. ఎండాకాలమంతా రోజుకు పదుల మునకలు. చెవుల పొరలు పగిలేవి. నాఖుదా దగ్గర సీజన్‌కు ముందు తీసుకున్న అడ్వాన్సు ఖర్జ్‌గా మారేది, తండ్రి పోతే కొడుకు మెడకు చుట్టుకునేది. తర్వాత జపాన్ సాగు ముత్యాలు వచ్చి ఆ బజారును ముంచాయి, 1932లో బహ్రెయిన్‌లో తేల్ దొరికింది. ఆ తేల్ కట్టిన షహర్లకే తర్వాత మన మొహల్లాల మగవాళ్లు వెళ్లారు, చాలామంది వాళ్లలాగే అడ్వాన్సుల మీద, అప్పుల మీద. ఆలిమ్ కితాబులో తొడుగు ఉంది, గోతాఖోర్ మొహానికి మాత్రం చేరలేదు. ఊపిరి ఖరీదు ఎవరు లెక్కగట్టారన్నదే ఈ సామాను తారీఖ్ అని నాకు అనిపిస్తుంది.

డిసెంబర్‌లో రుషికొండ దగ్గర సమందర్‌లోకి దిగాం. నీళ్లు మసకగా ఉన్నాయి, కొన్ని మీటర్ల దూరమే కనిపించింది. కొత్త మాస్క్‌లో ఒక్క చుక్క రాలేదు. బేటీ బుడగలు నా ముందు పైకి పోతూనే ఉన్నాయి. వాటిని చూస్తూ నా ఊపిరి కూడా సాఫీగా నడిచింది. గేజ్ యాభై బార్‌కు రాకముందే, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, మెల్లగా పైకొచ్చాం.

మీ ఇంట్లో పిల్లలు అడిగితే వెంటనే నక్కో అనొద్దు. ముందు డాక్టర్‌కు చూపించండి, ముఖ్యంగా ఆస్తమా, గుండె, చెవుల గురించి. పైసలు తక్కువైతే మాస్క్ ఒక్కటే మంచిది కొనండి, మిగతావి కిరాయికి. ఉస్తాద్ సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంటికొచ్చి సలాం చేస్తే అమ్మీ బేటీ తల నిమిరి, "దమ్ రోకీ క్యా?" అని అడిగింది.

"నహీఁ దాదీ, ఏక్ బార్ భీ నహీఁ."

అమ్మీ అల్హమ్దులిల్లాహ్ అంది. కుడి చెవి మోతీని వేళ్లతో ఒకసారి తడుముకుని, చాయ్ పెట్టడానికి లేచింది.